విడిపోయిన దంపతులు, విడిపోని యిల్లు

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు చెప్పియున్నారు. ఈ రెండు కార్యములును ఎంత కష్టతరములో అనుభవించినవారు గనుకనే వారామాట చెప్పిరి. అయితే, చేసిన పెండ్లి చెడినప్పుడు కట్టిన యిల్లేమి కావలయునో వారు చెప్పలేదు. చెప్పవలసిన యవసరము వారికి కలుగలేదు. ఆ కాలమున ఇల్లు ఇంటిపెద్దది. ఆలు ఆ యింటికి వచ్చినది. చెడినచో వచ్చిన త్రోవనే పోవునది. అంతటితో లెక్క ముగిసెడిది. నేటి స్థితి వేరు. దస్తావేజుపై రెండు పేరులుండుచున్నవి. బ్యాంకు కాగితములపై రెండు సంతకములుండుచున్నవి. భార్యాభర్తలు విడిపోయి, ఒకరు పుట్టినింటను, ఒకరు పట్నమునను కాపురముండవచ్చును గాని, ఆ రెండు పేరులును మాత్రము ఒకే కాగితముపై ప్రక్కప్రక్కన ఏండ్లతరబడి కాపురము చేయుచునే యుండును. ఈ చిక్కును గూర్చి మన సంఘసంస్కారప్రియులు తగినంత ఆలోచింపలేదని మా ఫిర్యాదు.

అచ్చంపేటను మేమిచ్చట దృష్టాంతముగ గ్రహించుచున్నాము. ఇది నల్లమల యడవి యంచున, ఉమామహేశ్వర క్షేత్రమునకు చేరువనున్న పట్టణము. మునుపు మహబూబునగరు జిల్లాలోనుండి, 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన నాగరుకర్నూలు జిల్లాలో చేరినది. దీని నెన్నుకొనుటకు కారణము కలదు. తాతలనాటి మేడలు గల పట్టణములలో ఇల్లనగా వారసత్వము. ఇచ్చట పెక్కు కుటుంబములకు ఇల్లనగా తమ చెమట. వానలు తప్పిన యేండ్లలో ఈ మెట్టభూముల ప్రజలు గుంపుమేస్త్రీల వెంట బొంబాయికిని, పూనాకును, దూరదేశముల ఆనకట్టల పనులకును పోయి, 'పాలమూరు కూలీ' యను పేరును దేశమంతట మోసినవారు. ఆ కూలిడబ్బు కూడబెట్టి, తిరిగివచ్చి, కొంచెము జాగా కొని, పునాది వేసి ఒక యేడాగి, గోడలు లేపి మరియొక యేడాగి, కడకు స్లాబు వేసికొందురు. ఇట్టి యింటిలో ఎవరి పాలెంతయో తేల్చుట తాతలనాటి మేడను అన్నదమ్ములు పంచుకొనుటకంటె కష్టము. అన్నదమ్ముల పంపకమునకు మనకు వేయేండ్ల వాడుక కలదు. ఆలుమగల పంపకమునకు వాడుక లేదు.

భార్యాభర్తలకు పొసగనప్పుడు మన యూళ్లలో మొదట కూర్చుండునది పెద్దమనుష్యుల పంచాయితీ. అందు మొట్టమొదట వచ్చు ప్రశ్న "పెట్టినవేమి?" యనునది. పెండ్లినాడు పుట్టినింటివారు పెట్టిన మంచము, బీరువా, బిందెలు, పళ్లెములు, కుట్టుమిషను, వీనికన్నిటికిని పట్టిక వ్రాయుదురు. ఒక చెంబు తక్కువైన గంటసేపు వాదులాడుదురు. పిమ్మట ట్రాక్టరు పిలిపించి సామానెక్కించి, "నీవి నీకు వచ్చినవి గదా" యని అమ్మాయిని సాగనంపుదురు. ఏ యింటిలోనుండి ఆ సామాను బయటికి మోయించుచున్నారో ఆ యింటినిగూర్చి ఒక్కరును నోరు విప్పరు. ఇల్లు మగవానిదనుట వారికి విచారణ అక్కరలేని విషయము. దస్తావేజులో ఆమె పేరున్నదని యెవరైన గుర్తుచేసినచో, "అది బ్యాంకువారికొరకు వ్రాయించినది" యందురు. ఆమె ఒప్పుకొని హక్కు విడిచినట్లు సంతకము చేయనిచో భర్త తలుపునకు తాళము వేయును. ఆమె సోదరులు వచ్చి దానిమీద తమ తాళము వేయుదురు. అటుపై ఆ యింటిలో ఇద్దరును ఉండరు. వాననీరు స్లాబులోనికి దిగును, ఇంటిపన్ను బాకీ పెరుగును, బ్యాంకువాయిదా నెలనెల వచ్చుచునే యుండును. ఇరువైపులవారును తాము గెలిచితిమనుకొందురు. గెలిచినది చెదపురుగు.

పెద్దమనుష్యులు చట్టమెరుగనివారని చదువుకొన్న పాఠకులు ఇచ్చట చిరునవ్వు నవ్వవచ్చును. నవ్వవద్దని మా మనవి. మన చట్టసభలు చేసిన చట్టము వారికంటె ఎంతో ముందుకు పోలేదు. 1955వ సంవత్సరపు హిందూ వివాహ చట్టములో ఆస్తినిగూర్చి యున్నది 27వ సెక్షను ఒక్కటియే. పెండ్లి సమయమున గాని, దానికి సమీపమున గాని బహుమానముగ వచ్చి దంపతులిద్దరికిని ఉమ్మడిగ చెందిన యాస్తిని గూర్చి న్యాయస్థానము తగిన యేర్పాటు చేయవచ్చునని అది చెప్పును. 1997లో సర్వోన్నత న్యాయస్థానము ఈ మాటలను కొంత విశాలముగ చదివి, పెండ్లికి ముందో పిమ్మటనో యిచ్చినదైనను, ఆ పెండ్లితో సంబంధమున్నచో ఈ సెక్షనులోనికి వచ్చునని తీర్పు చెప్పినది. అయినను, పెండ్లియైన పదేండ్లకు ఇద్దరును కష్టపడి కొన్న యిల్లు ఇందులోనికి రాదు. అనగా పంచాయితీ అరుగుమీద "పెట్టినవేమి?" యని యడుగు పెద్దమనిషియు, ఢిల్లీలో ఆ సెక్షను వ్రాసిన పండితుడును ఒకే పట్టికను చేతబట్టుకొని కూర్చున్నారు. ఆ పట్టికలో బీరువా యున్నది, ఇల్లు లేదు.

ఇట్లేల జరిగినది? మన సంస్కర్తలు మొదటినుండియు వివాహమందిరపు ముందుతలుపును గూర్చియే పోరాడిరి. ఎవరు ప్రవేశింపవచ్చును, ఏ యీడున ప్రవేశింపవలయును, భర్త గతించినామె మరల ప్రవేశింపవచ్చునా అనునవి వారి ప్రశ్నలు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు మొదటి వితంతువివాహము జరిపించినప్పుడు తెరువబడినది ఆ తలుపే. ఆ పోరాటము గొప్పది; అందుకు మనము ఋణపడియున్నాము. 1955 చట్టము వెనుకతలుపు తెరచి, కాపురము సాగనప్పుడు బయటికి పోవుటకు త్రోవ చూపినది. అయితే, ఆ తలుపు దాటునప్పుడు ఎవరు దేనిని తీసికొని పోవలయునో అది చెప్పలేదు. ముప్పదియేండ్లకు, 1985లో, మన యాంధ్రప్రదేశ్ రాష్ట్రము హిందూ వారసత్వ చట్టమును సవరించి, పెండ్లికాని కుమార్తెకు సమష్టికుటుంబపు ఆస్తిలో కుమారునితో సమానమైన పాలిచ్చినది. దేశమంతటికి ఆ న్యాయము 2005లో గాని రాలేదు. ఇరువదియేండ్లు ముందుండినందుకు మనము గర్వింపవచ్చును. కాని పాఠకులు ఒక్కమాట ఆలోచింతురుగాక: పుట్టిన యింట స్త్రీకి పాలున్నది, ఆ యింట ఆమె చేసినది పుట్టుట మాత్రమే. కట్టిన యింట, ఇటుకలు మోసిన యింట, నగలమ్మిన యింట, ఆలిగా ఆమెకు చట్టము ప్రత్యేకముగ ఏ పాలును చూపలేదు. పుట్టుకకు వెలగట్టి కష్టమునకు వెలగట్టని న్యాయమిది.

ఈ లోపమును తీర్చుటకు ప్రయత్నము జరుగకపోలేదు. భర్త స్థిరాస్తిలోనుండి భార్యకు తగిన పాలు నిర్ణయింప న్యాయస్థానమునకు అధికారమిచ్చు నేర్పాటు గల వివాహచట్టముల సవరణ బిల్లు 2013 ఆగస్టులో రాజ్యసభలో నెగ్గినది. లోకసభలో నెగ్గలేదు. 2014లో ఆ లోకసభ ముగియుటతో బిల్లును ముగిసినది. దానిని మరల బ్రతికింపవలయునని ఎన్ని గ్రామములలో, ఎన్ని మహిళాసంఘములలో మనము తీర్మానములు చేసితిమో మనమే లెక్క చూచుకొనవలయును.

అట్లని, ఉమ్మడిగ కొన్న యింటివిషయమున చట్టము పూర్తిగ మూగదియని మేము చెప్పుటలేదు. వివాహచట్టము చెప్పని దానిని 1882వ సంవత్సరపు ఆస్తి బదలాయింపు చట్టము తన 45వ సెక్షనులో చెప్పినది. ఇద్దరు కలిసి స్థిరాస్తి కొన్నప్పుడు, వేరొక యొడంబడిక లేనిచో, ఎవరు వెలలో ఎంత యిచ్చిరో ఆ నిష్పత్తిని వారికి హక్కు కలుగును. ఎవరెంత యిచ్చినదియు తేలనిచో ఇద్దరికిని సగము సగమని భావింపవలయును. ఈ చట్టము భార్యాభర్తలకొరకు చేసినది కాదు. కలిసి కొన్న వారందరికిని ఒక్కటే. కావున మతభేదము కూడ లేదు. అచ్చంపేట చుట్టుప్రక్కల తండాలలోని లంబాడీలకును, అడవిలోని చెంచులకును 1955 వివాహచట్టము తనంతట వర్తింపదు, షెడ్యూల్డు తెగలను అది వెలుపల నుంచినది. కాని దస్తావేజు తెగను అడుగదు. పేరున్నవారికి పాలున్నది.

లెక్క వేసి చూతము. ఒక జంట కట్టియున్న యింటిని 12 లక్షల రూపాయలకు ఇద్దరి పేరను కొన్నదనుకొందము. భర్త బొంబాయి కూలిలో కూడబెట్టినది 4 లక్షలు. భార్య నగలమ్మి తెచ్చినది 2 లక్షలు. పొదుపుసంఘములో అప్పుచేసి తానే కూలికి పోయి తీర్చినది 1 లక్ష. మిగిలిన 5 లక్షలు ఇద్దరి సంతకముతో బ్యాంకునుండి తెచ్చిరి. బ్యాంకుసొమ్మును చెరిసగముగ లెక్కించినచో, వెలలో అతనిది ఆరున్నర లక్షలు, ఆమెది అయిదున్నర లక్షలు. నేడా యిల్లు 18 లక్షలు చేయుననియు, కలిసియున్నప్పుడు ఇద్దరి సంపాదనతో తీరినది పోగా బ్యాంకునకు ఇంకను 3 లక్షలు చెల్లింపవలసియున్నదనియు అనుకొందము. ఆ అప్పును చెరిసగము భరించినచో అతనికి 8 లక్షల 25 వేలు, ఆమెకు 6 లక్షల 75 వేలు రావలయును. ఎవరెంత యిచ్చినదియు తేలనిచో ఒక్కొక్కరికి ఏడున్నర లక్షలు. ఇక పంచాయితీ లెక్కలో ఆమెకు వచ్చునది ఒక బీరువా, ఒక మంచము, ఏడు బిందెలు. ఈ మూడు లెక్కలను ప్రక్కప్రక్కన నుంచి చూచినవారికి మా కోపమునకు కారణము వేరుగ చెప్పనక్కరలేదు.

పై లెక్కలో సొమ్ము తెచ్చిన లెక్కయే యున్నది. సొమ్ము తేని కష్టమునకు లెక్కయేది? భర్త దూరదేశమున నుండగా కొత్తగోడలకు ఉదయము సాయంకాలము నీళ్లు పట్టినదెవరు? మేస్త్రీకి అన్నము వండి పెట్టినదెవరు? ఇసుక దొంగిలింపబడకుండ రాత్రి కావలి యున్నదెవరు? అత్తమామలను, పిల్లలను చూచుకొని, పురుషుడు నిశ్చింతగ పరదేశములో పనిచేయుటకు వీలు కలిగించినదెవరు? 2023 జూన్ నెలలో మదరాసు హైకోర్టు ఒక దంపతుల వ్యాజ్యములో ఈ ప్రశ్నకే సమాధానము చెప్పినది. భర్త ఏండ్లకొలది సౌదీ అరేబియాలో పనిచేసి సొమ్ము పంపెను. భార్య ఇచ్చట సంసారము నడుపుచు ఆస్తులు కొన్నది. సొమ్ము తనది గావున ఆస్తియు తనదేయని, ఆమె తన ధర్మకర్త మాత్రమేయని అతడు వాదించెను. ఇంటిపని చేయు స్త్రీ భర్త సంపాదనకు పరోక్షముగ తోడ్పడుచున్నదనియు, అట్టి తోడ్పాటును గుర్తింపుమని చెప్పు చట్టము లేకపోయినను, గుర్తింపరాదని చెప్పు చట్టమును లేదనియు న్యాయమూర్తి పలికి, ఆమెకు సమానమైన పాలు కలదని తీర్పు చెప్పిరి. సౌదీ అరేబియా యనుచోట బొంబాయి యని చదువుకొన్నచో ఇది అచ్చంపేట కథయే.

ఇచ్చట మేము స్త్రీపక్షమున మాత్రమే మాటాడుచున్నామని యెవరైన తలపవచ్చును. మా వాదము రెండు ప్రక్కలను కోయు కత్తి. ఇందిరమ్మ యిండ్ల పథకమున ప్రభుత్వము ఇంటిని స్త్రీ పేరనే మంజూరు చేయుచున్నది. తెలంగాణమున 2024లో ఆరంభమైన పథకమునకు 5 లక్షల రూపాయల సహాయము. ఇది మేలైన యేర్పాటు. అయితే, ఆ 5 లక్షలకు తన కూలిడబ్బు మరి మూడు లక్షలు చేర్చి, తానే యిటుకలు పేర్చిన భర్తను, కాపురము చెడిన మరునాడు "కాగితములో నీ పేరు లేదు" అని వీథిలో నిలుపుట న్యాయమా? కాదు. కాగితమున్నదని మగవాడు ఆడుదానిని వెళ్లగొట్టుట ఏ యన్యాయమో, కాగితమున్నదని ఆడుది మగవానిని వెళ్లగొట్టుటయు ఆ యన్యాయమే. కష్టము చేసినవారికి పాలు ఉండవలయునను సూత్రమును ఒకరికి వర్తింపజేసి ఒకరికి వర్తింపజేయనిచో అది సూత్రము కాదు, పగ.

ఈ చిక్కులో మూడు ముళ్లున్నవి. మూడును వేర్వేరుగ విప్పవలసినవి. మొదటిది నివాసపు ముడి. 2005వ సంవత్సరపు గృహహింస చట్టము, కలిసి కాపురమున్న యింటిలో స్త్రీ నివసించుటకు హక్కిచ్చినది. ఆ యింటిలో ఆమెకు స్వామ్యము లేకపోయినను చట్టప్రకారము గాక వెళ్లగొట్టరాదు. అత్తమామల పేరనున్న యిల్లు ఈ చట్టములోనికి రాదన్నట్లు 2006లో సర్వోన్నత న్యాయస్థానము చెప్పిన తీర్పును అదే న్యాయస్థానము 2020 అక్టోబరులో త్రోసివేసినది. కాని నివసించు హక్కు వేరు, సొంతపు హక్కు వేరు. "ఉండనిచ్చితిమి గదా" యని చెప్పి పాలు ఎగవేయరాదు. రెండవది స్వామ్యపు ముడి. దానిని గూర్చి పైని చెప్పితిమి. మూడవది అప్పు ముడి. అందరును మరచునది ఇదే. 1872 ఒప్పందముల చట్టము 43వ సెక్షను ప్రకారము, ఇద్దరు కలిసి చేసిన వాగ్దానమును ఒక్కరిచేతనే పూర్తిగ చెల్లించుకొనుటకు అప్పిచ్చినవానికి అధికారము కలదు. చెల్లించినవారు పిమ్మట రెండవవారి పాలు వారినుండి రాబట్టుకొనవచ్చును. కావున "నేనా యింటిలో ఉండుటలేదు, వాయిదా నేనేల కట్టుదును?" అని చెప్పుట బ్యాంకువద్ద చెల్లదు. విడాకుల డిక్రీ బ్యాంకును బంధింపదు. అప్పు ఎవరు తీర్చవలయునో నిర్ణయించి, బ్యాంకు అంగీకారముతో రెండవవారి పేరు తొలగించుకొనువరకు ఆ ముడి మెడలో ఉన్నట్లే.

మాకు వచ్చు ఆక్షేపణలు తెలియును. "పంపకము సులభమైనచో కాపురములు నిలుచునా?" యని కొందరందురు. ఇల్లు పోవునను భయముచే మాత్రమే నిలిచిన కాపురమును మేము కాపురమనము. ఇద్దరు మనుష్యులను ఒక స్లాబు క్రింద కట్టివేయుట దాంపత్యము కాదు. "పరాయివారు ఇంటిలో జొరబడుదురు" అని మరికొందరందురు. దీనికి 1893 నాటి పంపకముల చట్టమే సమాధానము. చిన్న యింటిని నడుమ గోడ పెట్టి పంచుట వీలుకానప్పుడు, సగము పాలుగలవారు కోరినచో న్యాయస్థానము దానిని అమ్మించి సొమ్ము పంచవచ్చును. అమ్మకము కోరినప్పుడు రెండవవారు వెలగట్టించి ఆ పాలును తామే కొనుటకు అడుగవచ్చును. అనగా ఇల్లు నిలుపుకొనగోరువారికి త్రోవ యున్నది. వెల యియ్యకయే నిలుపుకొనగోరువారికి మాత్రము లేదు. మూడవ ఆక్షేపణ మిక్కిలి తియ్యనిది: "పిల్లల పేర వ్రాసివేయుడు, తగవు తీరిపోవును." మేము దీనిని తగవు తీర్చుట యనము, తగవును పసివారి నెత్తిన పెట్టుట యందుము. పిల్లవానికి ఎనిమిదేండ్లు. వాడు బ్యాంకువాయిదా కట్టునా? తల్లిని ఉండనిచ్చి తండ్రిని పొమ్మనునా? లేక తండ్రిని ఉండనిచ్చి తల్లిని పొమ్మనునా? పెద్దలు చేయవలసిన నిర్ణయమును పిల్లల పేర దాచుట పిరికితనము. పిల్లలకు ఈయదలచినవారు, తమ తమ పాలు తేలిన పిమ్మట, తమ తమ పాలులోనుండి ఈయవచ్చును.

అచ్చంపేటకు ఎగువ, అమ్రాబాదు పీఠభూమిమీద, 1940 ప్రాంతమున ఆస్ట్రియాదేశపు మానవశాస్త్రజ్ఞుడు ఫ్యూరర్ హైమెండార్ఫ్ చెంచులనడుమ నివసించి వారి జీవితమును పరిశీలించి, 1943లో గ్రంథము ప్రకటించెను. చెంచు స్త్రీ భర్తతో సమానముగ మెలగుననియు, పొసగనప్పుడు దంపతులు విడిపోవుట వారిలో కష్టము కాదనియు ఆయన గమనించెను. కొమ్మలతోను గడ్డితోను వేసిన గుడిసెను విడుచుట సులభము. వేరొకచోట వేరొక గుడిసె లేచును. మనము గుడిసెనుండి సిమెంటు యింటికి వచ్చితిమి. దస్తావేజునకు, బ్యాంకునకు, మీటరునకు, పన్నురసీదునకు వచ్చితిమి. ఇంటిని మార్చుకొన్నాము గాని, విడిపోవు పద్ధతిని మాత్రము గుడిసెనాటిదే నిలుపుకొన్నాము. చెంచుల సమానత్వమును మనము గ్రహింపలేదు. లేచిపోవుటలోని సులభత్వమును మాత్రము ఆడుదానికి నేర్పుచున్నాము.

కావున మేము చెప్పునది ఒక్కటి. ఏ కూటమిలో దంపతుల విడిపోవుట నిర్ణయమగునో ఆ కూటమిలోనే ఇంటి నిర్ణయమును జరుగవలయును. ఇల్లు తేలనిది విడాకులు తేలినట్లు కాదు. ఇంటికి ఇద్దరికిని నమ్మకమైనవారిచే వెల కట్టింపుడు. బ్యాంకు బాకీ ఎంతయో కాగితము తెప్పింపుడు. ఎవరి సొమ్ము, ఎవరి నగలు, ఎవరి కష్టము ఎంతయో వ్రాయుడు. పిమ్మట మూడు త్రోవలు: ఒకరు రెండవవారి పాలు కొనుట, లేదా అమ్మి పంచుకొనుట, లేదా పిల్లలు పెరుగువరకు ఒకరు అందుండి, రెండవవారి పాలునకు అద్దె లెక్కించుట. ఏ త్రోవయైనను గడువు తేదీతో వ్రాసి రిజిస్టరు చేయింపుడు. పరస్పరాంగీకారముతో విడాకులు కోరువారు ఇంటిని కూడ అర్జీలో చేర్చుట మంచిది. వ్యాజ్యములో లేని ఇంటినిగూర్చి రాజీడిక్రీ వచ్చినచో దానిని వేరుగ రిజిస్టరు చేయింపవలసి వచ్చును. 1984 చట్టముచే ఏర్పడిన కుటుంబ న్యాయస్థానములకు దంపతుల ఆస్తి తగవులు విను నధికారము కూడ కలదు. లోక్ అదాలతులో కుదిరిన రాజీ సివిలు డిక్రీతో సమానము, దానిపై అప్పీలు లేదు. 1987 న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీకి, ఆమె ఆదాయమెంతయైనను, ఉచిత న్యాయసహాయము లభించును. ఈ సంగతి తెలియక వకీలు ఫీజునకు భయపడి వ్రేలిముద్ర వేసిన సోదరీమణులెందరో.

మా పాఠకులు చదువుకొన్న గృహస్థులు, గృహిణులు. వారికి మా మనవి విడిపోవుటను గూర్చి కాదు, కలిసియుండుటను గూర్చి. కాపురము చక్కగనున్న నాడే ఇంటిలెక్క వ్రాసియుంచుడు. నగలమ్మిన రసీదు, సంఘపు అప్పు పుస్తకము, బ్యాంకు చీటీలు, ఇటుకల బిల్లులు ఒక సంచిలో నుంచుడు. స్థలము కొని తామే కట్టుకొన్నవారికి కట్టుబడి ఖర్చుల లెక్క మరింత చిక్కైనది గనుక ఇది మరింత అవసరము. "ఆలుమగల నడుమ లెక్కలేమి?" యని సిగ్గుపడవద్దు. అన్నదమ్ముల నడుమ లెక్క సిగ్గు కాలేదు; దేవాలయమునకు లెక్క సిగ్గు కాలేదు. లెక్క సరిగనున్న యింట అనుమానము తక్కువ.

పంచాయితీ పెద్దలకును మా మనవి కలదు. మీరు ఇకమీదట కూర్చుండినప్పుడు "పెట్టినవేమి?" యని అడుగుటకు ముందు "కట్టినదెవరు?" అని అడుగుడు. ఆ ప్రశ్న ఒక్కటి చాలును. ట్రాక్టరు పిలిపించుటకు ముందు దస్తావేజు తెప్పింపుడు.

విడాకు అను మాటలో ఆకున్నది, పత్రమనినను ఆకే. ఒక ఆకును చింపినప్పుడు రెండవ ఆకును వ్రాయకుండుట సగము పని. ఆ సగమునే మనము డెబ్బదియేండ్లుగ చేయుచున్నాము. మిగిలిన సగమును చట్టసభలు చేయువరకు ఆగనక్కరలేదు. అచ్చంపేటలోని తరువాతి పంచాయితీ చేయవచ్చును.